ఒంగని చెప్పు

ఊరి పేరే ఒంగోలు.
నాకు కావాల్సింది ఒంగని చెప్పు.

కుడికాలి బొటనవేలి మొదట్లో కీలు అరిగిందని
ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి పట్టి చూపించాడు డాక్టరు.
రెండెముకల మధ్య ఉండాల్సిన సందు
ఆదివారం సాయంత్రం పొదిలి బస్సులా
మనిషి దూరే చోటు లేకుండా ఉంది.

ఇరవై రెండేళ్ళు కండక్టరుగిరీ.
పొట్టిదాన్ని. గంట తాడు అందాలంటే
మునివేళ్ళ మీద లేవాలి.
ఒక గంటకి ఆపు, రెండు గంటలకి రైట్.
ఎన్ని వేల రైట్లు ఈ వేలి మీద పడ్డాయో
ఏ వేబిల్లులోనూ ఎక్కలేదు.

"వేలు వంగకూడదు, కాబట్టి చెప్పు వంగకూడదు.
ముందుభాగం వెడల్పుండాలి. ఎత్తు మడమ వద్దు."
చీటీ మీద మందులకంటే చెప్పులే ఎక్కువ రాశాడు.

షాపు కుర్రాడు ఒక్కోటీ తీసిస్తుంటే
రెండు కొసలూ పట్టి మడిచి చూస్తున్నా.
ఇది చపాతీ. ఇదీ చపాతీనే.
"దూదిలా ఉంటాయి మేడం!"
"దూది వద్దు నాయనా, మొండిది చూపించు."
వాడు ఓనరు వైపు చూశాడు.
ఓనరు ఫ్యాను వైపు చూశాడు.

ఇన్నాళ్ళూ తొడిగినవి వేలికి ఉంగరమున్న చెప్పులు.
ఇప్పుడా ఉంగరంలో నా కణుపు,
సాంబారు ఎర్రగడ్డంత వాచింది,
దూరనంటే దూరనంది.

చివరికి పక్క వరసలో నల్లవి, వెడల్పాటివి.
"అవి జెంట్స్‌వి మేడం."
వేలికి ఆ సంగతి తెలీదులే, కట్టు.

అవీ కాస్త వంగుతున్నాయి.
బస్టాండు గోడ పక్కన యెలీషా
ముందు నా పాత జత తిప్పి చూశాడు.
"బయటి అంచు మీద నడస్తా ఉండావే తల్లీ,
ఎన్నాళ్ళనించి?"
ఇంట్లో ఎవరూ అడగలేదు ఆ మాట.

టైరు ముక్క కోసి అడుగున మేకులు కొట్టాడు.
"టైరు గుండ్రం గదా, ఆ వంపు అట్నే ఉంచా.
నీ కాలు ఒంగకపోయినా చెప్పే దొర్లిద్ది."
ఎక్కడిదయ్యా టైరు?
"మీ డిపో వేలంపాటదే."

మర్నాడు గంట తాడు చివర
జానెడు లంగాబొందు ముడేశాను.
ఇన్నేళ్ళూ నేనే లేచాను గానీ
తాడు దిగొచ్చని తట్టలేదు.
అద్దంలోంచి డ్రైవరు మాలకొండయ్య
చూసి, ఏమీ అనకుండా గేరు మార్చాడు.

చీమకుర్తి దగ్గర రాళ్ళ లారీ వెనక బస్సాగినప్పుడు
నొప్పి ఓసారి లేచి నిలబడింది.
దాన్నీ అడిగాను,
టికెట్, టికెట్.