కొసరు

ఆక్రన్‌లో ఆ రాత్రి మంచు
దులిపిన సిమెంటు బస్తాలా పడుతోంది.
బౌలింగ్ ఆడి అలిసిన ఏడుగురం
మూసే వేళకి ఆ డైనర్‌లో దూరాం.

వడ్డించినామె పేరు డోరీన్.
అరవై దాటి ఉంటుంది. ఎడమ మోకాలికి పట్టీ.
మాంసం తిననివాళ్ళం ముగ్గురమని
ఒక్కసారి వింది, మళ్ళీ అడగలేదు.
కామేశ్వరి ఆమ్లెట్‌లో ఉల్లి పడిందని
కామేశ్వరి కంటే ముందు తనే చూసి
వెనక్కి పట్టుకెళ్ళింది.
పెళ్ళి పంక్తిలో నేతిగిన్నె పట్టిన పెద్దమనిషిలా
వద్దన్న చేతిని తప్పించి మరీ
కప్పుల్లో కాఫీ నింపింది.

బిల్లు నూట ముప్పై ఎనిమిది డాలర్ల నలభై సెంట్లు.

"పన్ను మీద కూడా ఇవ్వాలా?" ఉదయభాస్కర్,
ఫోన్‌లో అంకెలు నొక్కుతూ.
"ఇరవై శాతం ఇప్పుడు మర్యాద" ఎవరో.
"పదిహేను చాల్లే, కాఫీ చల్లారింది" మా ఆయన.
చల్లారింది నిజమే,
ఆయన తన ఆఖరి బంతి గురించి
మూడోసారి చెబుతుంటే.
పదిహేనుకి తెగింది బేరం.
డెబ్భై ఆరు సెంట్లు చిల్లరని కొట్టేశారు.
ఇరవై.

నేను మాట్లాడలేదు.
చదువుకునే రోజుల్లో ఇండియానాలో
పదకొండు నెలలు ట్రే మోశాను.
గంటకి రెండు డాలర్ల పదమూడు సెంట్లు.
మిగతా జీతమంతా
ఎంగిలి కంచాల కింద వెతుక్కునేదాన్ని.
ఆ సంగతి మా ఆయనకి ఇప్పటికీ తెలీదు.

దీనికి మన దగ్గర మాటేది?
మామూలు అంటే లంచం.
బక్షీసు అంటే ఇచ్చేవాడు నవాబైపోతాడు.
దానమంటే డోరీన్ నా చెంప పగలగొడుతుంది.
కొసరు ఒక్కటే కాస్త దగ్గరికొస్తుంది.
కానీ రైతుబజార్లో కొసరు అడిగేది మనం.
ములక్కాడలు కొని
కరివేపాకు రెబ్బ లాక్కున్న చెయ్యి
ఇక్కడ తనే రెబ్బ తుంపి ఇవ్వాలి.
అలవాటు లేదు చేతికి.

కారెక్కాక, "గ్లవ్ మర్చిపోయా" అని దిగాను.
గుప్పిట్లో ఐదు డాలర్ల నోటు.
పంచదార డబ్బా కింద పెట్టి
వచ్చేద్దామని.

బల్ల దగ్గరే ఉంది డోరీన్, తుడుస్తూ.
"గ్లవ్..." అన్నాను.
గుడ్డ పక్కన పడేసి
పట్టీ ఉన్న మోకాలి మీదే కూలబడింది.
ఫోన్ లైటు వేసి
బల్ల కింద అంతా గాలించింది.
ఎండిన చూయింగ్ గమ్, క్రేయాన్ ముక్క,
ఎవరిదో చెవి దిద్దు శీల.
"ఏ రంగు?" కింద నుంచే అడిగింది.
"ఊదా."
ఊదా రంగు గ్లవ్ నా కోటు జేబులో
ముడుచుకుని వింటోంది.

"పోనీండి, పాతదే" అన్నాను.
"ఈ చలిలోనా? వేళ్ళు రాలిపోతాయి" అని
వంటింట్లో కుర్రాణ్ణి కేకేసింది.
టైరెల్, పాపం, మూతికట్టిన చెత్తసంచీ
విప్పడం మొదలెట్టాడు.

ఇంక లాభం లేదని
కుర్చీ వెనక జేబులోంచి జారవిడిచాను.
గుప్పిట్లో నోటు కూడా దాని వెంటే జారింది.

"దొరికింది!"
డోరీన్ మొహం చూడాలి,
పసిబిడ్డ దొరికినట్టు.
బల్ల అంచు పట్టుకుని, రెండు విడతల్లో లేచి
గ్లవ్ నా చేతికిచ్చింది.
"ఇది కూడా నీదేనమ్మా" అని
ఐదు డాలర్లకి దుమ్ము దులిపి
అరచేతిలో పెట్టి
నా వేళ్ళు తనే మూసింది.

అది మీ కోసం తెచ్చాను.
ఎంతసేపు, ఆ ఒక్క మాట అనడానికి?
థాంక్యూ అన్నాను.

"దొరికిందా?" అన్నాడు మా ఆయన, హీటర్ పెంచుతూ.
మోకాలి మీద వెతకడానికి ఎంత శాతమో
ఆయన్ని అడగలేదు.
కిటికీ అద్దంలోంచి డోరీన్
మా ఏడు కుర్చీలూ తలకిందులు చేసి
బల్ల మీదకెక్కిస్తోంది.
ఐదోది ఎత్తబోయి
ఒక్క క్షణం ఆగి, మోకాలు పట్టుకుంది.

కారు కదిలింది.
ఒక చేతికి గ్లవ్ తొడుక్కున్నాను.
రెండో చేతిలో నోటు
చెమటకి మెత్తబడుతోంది.