ఉప్పు పద్దు

నవంబరు రెండో గురువారం
వెస్ట్ గార్నెట్ టౌన్ హాల్లో
మడత కుర్చీలు పదిహేడు, మనుషులం తొమ్మిది మందిమి.
హీటరు ముసలి దగ్గు దగ్గుతోంది.

బడ్జెట్ కాగితం టైపు చేసింది నేనే కాబట్టి
నాకు తెలుసు,
జడ్జి జీతం పద్దు కింద, ఒక్క గీత తేడాలో
రోడ్ల మీద మంచుకి చల్లే ఉప్పు.
ఉప్పు పద్దే పెద్దది.
ఆరింతలు.

థీడా వాన్ నెస్ వెనక వరసలో కూర్చుంది
బస్సు తాళాలు ఒళ్లో పెట్టుకుని.
పొద్దున్నే పిల్లల్ని బడికి చేర్చే చేతులే
మంగళవారం రాత్రి నల్ల గౌను తొడుక్కుంటాయి.
చర్చి పాటగాళ్లు వద్దనుకున్న గౌను అది,
అంచు ఊడితే నేనే కుట్టాను.
ఏడాదికి తొమ్మిది వేల రెండొందల డాలర్లు.
ఆరేళ్లుగా అదే అంకె,
నేను మళ్లీ కొట్టనక్కర్లేదు, కిందటేటి కాగితంలో తేదీ మారిస్తే చాలు.

ఆ అంకె వేసేది బల్లకి అవతలున్న ఐదుగురు.
అందులో ఒకడు రస్ కిల్మర్.
తాగి బండి నడిపిన వాడి కొడుకుని
మార్చి నెలలో నిలబెట్టి లైసెన్సు లాక్కుంది ఈవిడే.

"జరిమానాలు పడిపోయాయి,"
రస్ కళ్లజోడు ముక్కు చివరికి జార్చాడు.
"నిరుడు ముప్పై ఒక్క వేలు. ఈ ఏడు పంతొమ్మిది.
కోర్టు తన కూడు తాను సంపాదించుకోవద్దా?"

నేను నోరు తెరవాల్సింది.
ఆ డబ్బు ముందు రాజధానికి పోతుందని,
అక్కడ పండు వొలుచుకుని మనకి తొనలు కొన్నే పంపుతారని,
చెక్కు రాసేది నేనే కదా.
కొండ రోడ్డు మీద వేగం కొలిచే డిప్యూటీ
మోకాలి ఆపరేషనై నాలుగు నెలలు మంచంలో ఉన్నాడని.
పాలషెడ్డులో పనిచేసే యుసేబియోకి
వాయిదాలిచ్చిందని, వాడు పదేసి డాలర్లు
చిల్లరగా తెచ్చి పోస్తే
ఇరవై రెండు రసీదులు రాశానని.

నా జీతం పద్దు ఆ కిందే ఉంది.
నోరు తెరవలేదు.

థీడా లేచింది. తాళాలు గలగలమన్నాయి.
"ఈ ఏడు జనం నెమ్మదిగా నడిపారు, రస్.
అది నా తప్పయితే రాసుకోండి.
కోర్టు కోళ్లఫారం కాదు, సాయంత్రానికి గుడ్లు లెక్కపెట్టడానికి."
కూర్చుంది.
మూలనుంచి రోడ్ల సూపరింటెండెంటు ఫక్కుమన్నాడు,
తర్వాత దగ్గినట్టు నటించాడు.

చేతులెత్తమన్నారు.
మూడు, రెండు. అంకె అలాగే ఉంది:
పెరగలేదు, తరగలేదు.
రస్ చెయ్యి ఆలస్యంగా లేచింది.
ఏ వైపుకో మినిట్స్ పుస్తకంలో ఉంది,
కావాలంటే వచ్చి చదువుకోండి.
ఉప్పు మాత్రం ఒక్క నిమిషంలో, ఏకగ్రీవం.

మంగళవారానికి మంచు పడనే పడింది.
ఎవరి ఉప్పు తింటే వాళ్ల పాట పాడాలంటారు.
ఏడింటికి ఐదు నిమిషాలుందనగా
థీడా మెట్లెక్కి వచ్చింది,
బూట్ల అడుగున కరకరలాడుతూ ఊరి ఉప్పు.
గడప దగ్గర ఆగి
రెండు కాళ్లూ గట్టిగా విదిలించి
లోపలికొచ్చి గౌను అందుకుంది.

మొదటి కేసు పిలవమంది.