టిల్లమూక్ కౌంటీకి మార్కులు

పదికి ఎన్నొస్తాయో చూసి రమ్మన్నారు.
నీళ్ళు, తిండి, దారులు, వెచ్చదనం:
నాలుగు గళ్ళు, ఒక పెన్సిలు,
అద్దెకారు వెనక సీట్లో గొడుగు.
బయటి ప్రపంచంతో పొత్తు తెగిన రోజున
ఒరెగాన్ తీరంలో ఈ ముక్క
ఎవరి ముందూ చెయ్యి చాచకుండా
ఎన్నాళ్ళు బతుకుతుంది?

నీళ్ళకి పది వేసేశాను, కారు దిగకముందే.
అక్టోబరు నుంచి జూన్ దాకా
ఆకాశానికి ఇక్కడ వేరే పని లేదు.
నీళ్ళ శాఖలో ఒకాయన నవ్వి
పంపుహౌస్ చూపించాడు.
కరెంటు పోతే నది పక్కనే దాహం.
పది కొట్టేసి నాలుగు.

మనుషులకన్నా ఆవులే ఎక్కువని
ఇక్కడ గొప్పగా చెప్పుకుంటారు.
పాలకేం కొదవ అనుకుంటూ
లొరేన్ జ్వాల్డ్ కొట్టంలోకి వెళ్ళాను.
మూడువందల పొదుగులు, అన్నిటికీ రబ్బరు గొట్టాలు.
"మిషను ఆగితే?"
"రెండోరోజుకి పొదుగులు రాళ్ళవుతాయి.
చేత్తో పితకడం వచ్చింది మా మామగారికే."
ఆయన అక్కడే ఉన్నాడు, ఎనభై నాలుగేళ్ళు,
బూట్ల బురద గీక్కుంటూ.
తన మాట వినబడి చేతులు పైకెత్తాడు:
అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయిన వేళ్ళు.
వట్టి గాలినే ఒకసారి పితికి చూపించాడు,
ఎడమ, కుడి, ఎడమ.
ఒక ఆవు తల తిప్పి చూసింది.

బంగాళదుంప పండుతుంది.
కేల్ పండుతుంది, వద్దన్నా.
మిరపమొక్క మాత్రం పొగమంచులో
పూత పూసి, ఆలోచించి, రాల్చేస్తుంది.
ఉప్పుకేం, ఎదురుగా సముద్రం అంటే
హాలిస్ ట్వీట్ తన పెరట్లో పెనం చూపించాడు:
ఇన్ని బకెట్లు, ఇంత కట్టె, ఇన్ని గంటలు,
చివరికి దోసెడు.
అందులోంచి చిటికెడు కాగితంలో మడిచిచ్చాడు,
విభూతి పొట్లంలా.

దారుల గడిలో సున్న పెట్టడానికి
కారు దిగనక్కర్లేదు.
నూటొకటో నంబరు రోడ్డు ఒక్కో నదినీ
టాకా వేసుకుంటూ పోతుంది.
నేల ఒక్కసారి విదిలిస్తే
కుట్లన్నీ ఊడి, కౌంటీ గుడ్డపీలికలు.

ఇక నడక.
ఆర్డిస్ లింగ్రెన్ గుమ్మం నుంచి
నీలం గుర్తుల వెంట గుట్టమీదికి.
అల రావడానికి ఇరవై నిమిషాలంటారు.
నేను పదమూడులో ఎక్కాను, ఆయాసంతో.
ఆమె వాకరుతో ముప్పై ఒకటి,
పోస్టాఫీసు బెంచీ మీద కూర్చున్నది కలపకుండా.
"రాసుకో," అంది,
"ఆ రోజు నేను ఇంట్లోనే ఉంటాను."
పెన్సిలు తీసి, మళ్ళీ జేబులో పెట్టేశాను.

మా అమ్మమ్మది దివిసీమ.
ఉప్పెన వెనక్కి తీసిన తెల్లారి
తను మొదట వెతికింది బియ్యం కాదట,
తడవని అగ్గిపెట్టె.
మూడు ఊళ్ళు నడిస్తే ఒకటి దొరికిందట,
ఒక ముసలాయన తలపాగాలో.
ఆ కబురు ఏ ఫారంలోనూ ఇమడదు.
అయినా కౌంటీ అంతా అడుగుతూ వచ్చాను.
సోలారు పలకలు చూపించారు, జనరేటర్లు చూపించారు,
ఏడాది తిండి డబ్బాల్లో, తేదీల వరసన.
అగ్గిపెట్టె అంటే మాత్రం
పొయ్యి నొక్కితే వెలుగుతుందిగా అన్నారు.

గుట్ట దిగి వచ్చాక ఆర్డిస్‌నీ అడిగాను.
వాకరు వదిలి, గోడ పట్టుకుని,
అలమర పైనుంచి గాజుసీసా దించింది.
నిండా బియ్యం, మధ్యలో మూడు అగ్గిపెట్టెలు.
"తినడానికి కాదు," అంది,
"చెమ్మ పీలుస్తుందని."

మోటెల్ నుంచే నివేదిక పంపాను.
నీళ్ళు నాలుగు, తిండి మూడు, దారులు సున్న.
వెచ్చదనం కొట్టేసి
పైన అగ్గిపెట్టెలు అని రాసి, ఎదురుగా మూడు.
పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోను:
ఇది పదికి మూడా,
ఉన్నవే మూడా?

కారు మీద వాన దడదడలాడుతోంది.
సరిగా వినబడలేదు,
మళ్ళీ చెప్పండి అన్నాను.