గుసగుస దగ్గర

కోబేలో వాన. మురకోషి దుకాణంలో
హత్సుయే మూడో శనివారమూ కూర్చుంది,
తడి గొడుగు మోకాళ్ల మధ్య.

బీరువాలంత పెట్టెలు ముందు పాడాయి,
నున్నగా, మర్యాదగా,
బ్యాంకు మేనేజరు పలకరించినట్టు.

"ఇంట్లో చోటెంత?"
"ఆరు చాపలు. గోడవతల నర్సు,
రాత్రి డ్యూటీ, పగలు నిద్ర."

అప్పుడు తీశాడతను బల్లకింద నుంచి
ఉమ్మెత్తపువ్వులా నోరు తెరిచిన జత.
వాల్యూం గుసగుస దగ్గరే ఆపాడు.

ట్రంపెట్ కన్నా ముందు
ఊదేవాడి ఊపిరి వచ్చింది,
పెదవి తడుపుకున్న చప్పుడు.
డ్రమ్ము మీద పుల్ల పడగానే
ఆమె భుజం ఉలిక్కిపడింది.

"కొంచెం గయ్యాళివి," నొచ్చుకున్నాడు మురకోషి.
"మా అక్కా అంతే.
అది పోయాక
ఇల్లు మరీ మర్యాదగా ఉంటోంది."

రసీదు రాస్తుంటే అడిగింది:
రైల్లో ఒళ్లో పెట్టుకోవచ్చా,
రెండూ?