వెంట్రుకవాసి

బ్రిడ్జ్‌పోర్ట్‌లో, రైలుకట్ట పక్కన మా వర్క్‌షాపు.
పద్నాలుగుమంది ఆడవాళ్లం, పద్నాలుగు వాలుబల్లలు.
కిటికీ తీస్తే సబ్బు ఫ్యాక్టరీ వాసన,
మూస్తే మా సిరా వాసన.
పేజీకి ఇంత అని కూలి.

రాక్షసుడు మంగళవారం వచ్చాడు
న్యూయార్క్ నుంచి, రెండు అట్టల మధ్య, నలక్కుండా.
పేరు డ్రుంబోల్.
సముద్రం అడుగున పదివేల ఏళ్లు నిద్రపోయాడట,
ఎవరో బాంబు పరీక్ష చేసి లేపారట.
లేపినవాళ్ల బొమ్మ ఒక్క గడిలోనే ఉంది.
తర్వాతి ఇరవై పేజీలూ తప్పంతా వీడిదే.

కథ చదవడం మా పని కాదు.
గడి అంచున పెన్సిలు అంకెలుంటాయి:
ఒంటికి పసుపు నిండుగా, నీలం సగం.
గోళ్లకి ఎరుపు పాతిక.
వీరుడి అంగీకి మాత్రం ఎరుపు నూటికి నూరు,
దానికెప్పుడూ తక్కువ చెయ్యరు.
ఒకే రాక్షసుణ్ణి మూడు రేకుల మీద మూడుసార్లు పూస్తాం
పసుపుకొకటి, ఎరుపుకొకటి, నీలానికొకటి.
మూడింటికీ కుంచెలో ఉండేది అదే మట్టిరంగు.
ఆకుపచ్చటి డ్రుంబోల్‌ని మాలో ఎవరం చూడలేదు.
వాడు ప్రెస్సులో, కాగితం మీద పుడతాడు,
అప్పటికి మేం ఇంకెవరి గొడవలోనో ఉంటాం.

నా పక్క బల్ల ఇలోంకది.
బుడాపెస్ట్ నుంచి వచ్చి అయిదేళ్లు,
ఇంగ్లీషు ఇంకా కొత్త చెప్పుల్లా కరుస్తుంది ఆమెను.
పద్నాలుగో పేజీ ఆమె వంతు:
వాడి కాలు గాల్లో ఉంది,
కింద వీధి, వీధి నిండా కిటికీలు
ఎనభై మూడు, ఆమే లెక్కపెట్టింది.
అంకెలు వెయ్యలేదు, అంటే తెల్లగా వదిలెయ్యమని.
ఆమె వదల్లేదు.
ఒక్కొక్కటికీ పసుపు పూసింది, సూదిమొన కుంచెతో,
భోజనం గంట మోగినా లేవకుండా.

ఫోర్‌మన్ కొవాల్‌చిక్ వచ్చి నిలబడ్డాడు.
"పట్టపగలు కథ ఇది. దీపాలెందుకు?"
"లోపల మనుషులున్నారు," అంది.
"ఎక్కడ గీశారు మనుషుల్ని?"
"గీయరు."
ఆయన బుర్ర గోక్కుని వెళ్లిపోయాడు.
ఆలస్యమైన పేజీకి ఆ వారం కూలి కోసేశాడు, అది వేరే సంగతి.

నాకు మాత్రం ఆ కాలు చూపించింది
కుంచె వెనకమొనతో, తగలకుండా.
"చూడు, వీడు తొక్కడం లేదు.
కాలు పెట్టడానికి చోటు వెతుక్కుంటున్నాడు.
ఇంత ఒళ్లు ఇచ్చి, ఇంత ఇరుకు వీధి గీశారు.
మా వీధికొచ్చినవాటికి కాళ్లు లేవు.
ఇనప పట్టాల మీద వచ్చాయి.
అవి కిందికి చూడలేదు."
అంతే. మళ్లీ కుంచె ముంచింది.
ఆ మాటకు నేను ఇప్పటికీ జవాబు వెతుకుతూనే ఉన్నాను.

ఇరవయ్యో పేజీలో వీరుడు
డ్రుంబోల్‌ని తోక పట్టి తిప్పి సముద్రంలోకి విసిరేశాడు.
రేవులో జనం టోపీలు ఎగరేశారు.
ఆ టోపీలు నేనే పూశాను, తలా ఒక రంగు.

ఆగస్టులో, మందుల షాపులో,
తీగ స్టాండు కిర్రుమని తిరిగి వాడు నా ముందు ఆగాడు.
పది సెంట్లు. మొదటిసారి చూశాను వాడి పచ్చదనం
నేననుకున్న పచ్చ కాదు,
తడిసిన నాచు, కాస్త జబ్బు పచ్చ.
కిటికీలు వెలుగుతున్నాయి. ఎనభై మూడూ.

చౌకరకం ప్రెస్సు కదా, నీలం రేకు జరిగింది
వెంట్రుకవాసి.
పుస్తకమంతా అదే వరస,
చివరి గడిలో కూడా:
నల్లగీత సముద్రంలో మునుగుతోంది,
జనం అరుస్తున్నారు, కథ అయిపోయింది,
వాడి నీలం మాత్రం
గీత దాటి ఒక పక్కకి వచ్చేసి
రేవు గట్టు మీద
కాలు మోపి ఉంది.

రెండు కాపీలు కొన్నాను.
ఒకటి ఇలోంక బల్ల మీద పెట్టాను, ఏమీ అనకుండా.
ఆమె చివరి పేజీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని
చాలాసేపు చూసి
"పని సరిగ్గా చెయ్యరు," అంది,
నవ్వుతూ, నాకు వీపు తిప్పి.