నిమ్మళం

మూడున్నరకు గాలా క్యాంపు గేటు కాడ
వాచ్‌మన్ ఇంకా నిద్రల్నే ఉంటడు.
నేను బూట్ల లేసులు కడుతుంట.
రువీల మూడు రియాళ్లకు కొన్నవి,
ఎవరి పాదానికో అలవాటైనవి,
ఎడమది ఇంకా నా మాట వినదు.

ఆగస్టు నెల. గాలి తడిబట్ట తీర్గ మొకానికి అంటుకుంటది.
అజైబా సముద్రం దాక పోవాలె,
ఐదింటికి సైటు బస్సు, అది రాకముందే మర్లి రావాలె.

మొదటి నెల నేను ఉరికింది ఉరుకుడే కాదు,
ఎవరో ఎనుక నుంచి తరుముతున్నట్టు పారిపోవుడు.
వచ్చినప్పటి సంది చెవులల్ల వడ్డది ఒక్కటే మాట: యల్లా.
కడ్డీలు వంచేటప్పుడు యల్లా,
బస్సెక్కేటప్పుడు యల్లా,
చెయ్యి ఇంకా పళ్లెంల ఉండంగనే యల్లా.
గా మాట మోకాళ్లకు బైండింగ్ తీగ లెక్క చుట్టుకుంది.

ఖల్ఫాన్ నన్ను ఆపింది అప్పుడే.
నీళ్ల ట్యాంకర్ నడిపి నడిపి నడుం వంగిన ముసలోడు,
డిష్‌డాషా మోకాళ్ల దాక మడిచి
ఉరుకుతున్నడో నడుస్తున్నడో దేవునికే ఎరుక.
అరచెయ్యి గాలిల కిందికి ఒత్తి అన్నడు:
షువై షువై.
ఈ దేశంల నన్ను నిమ్మళంగ పొమ్మన్న మొదటి మనిషి.

నేర్పింది పెద్దగ ఏం లేదు.
ఉరుక్కుంట మాట్లాడు, మాట తెగితె వేగం తప్పు అన్నడు.
ఏం మాట్లాడాలె?
నా అరబ్బీ బజారు దాకనే, అతని తెలుగు సున్న.
అందుకే ఎక్కాలు,
పోశెట్టి సారు ఈతబరిగె పట్టుకొని నేర్పినవి.
పన్నెండోది సాఫీగ పోతది, దీపం నుంచి దీపానికి.
పదమూడు ఒకట్లు పదమూడు, పదమూడు రెండ్లు ఇరవయ్యారు,
గట్లనే పోయి పోయి
పదమూడేళ్లు...
ఆడ ఊపిరి తెగుతది.
ఎన్ని పొద్దులైనా ఆడనే.
నేనొచ్చి కూడ గంతే అయింది.
పదమూడేళ్లు ఎంత?
సముద్రం దిక్కు చూస్త, అది లెక్క చెప్పదు.

ఒక శుక్రారం మాట తప్పిన.
డెలివరీ పిల్లగాడొకడు సైకిల్ మీద దాటి, ఎనుకకు తిరిగి నవ్విండు.
మూడు దీపాలు వానితోటి సమానంగ ఉరికిన.
నాలుగో దీపం కింద కూలబడి
రాత్రి తిన్న పప్పంత కక్కిన.
ఖల్ఫాన్ ఏమనలే.
ఉప్పేసిన లబన్, రెండు ఖర్జూరాలు చేతుల పెట్టిండు.
నములుకుంట నేనే అనుకున్న:
పగారు వచ్చిన్నాడే అంత ఊడ్చినోనికి
ఇరవై ఐదో తారీఖు ఎట్లుంటదో నాకు తెల్వదా?
కాళ్లకు కూడ నెల ఉంటది.

జనవరిల పందెం. నలభై రెండు కిలోమీటర్లు.
రొమ్ము మీద నంబరు, నాలుగు పిన్నీసులు.
సైరన్ మోగంగనే అందరు కట్ట తెగిన నీళ్ల లెక్క పోయిన్రు.
తెల్ల జుట్టు ముసలామె దాటిపోయింది,
ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న బొజ్జాయన దాటిపోయిండు.
ఒళ్లు పౌరుషపడ్డది.
పన్నెండో ఎక్కం, పన్నెండో ఎక్కం అని
దాన్ని జోకొట్టుకుంట పోయిన.

ముప్పై దాటినంక
ఆకుపచ్చ టోపీ రోడ్డు పక్క కూసోని బూటు ఇప్పుతున్నది.
ముసలామె మాత్రం మల్ల కనబడనే లేదు, ఆమె గట్టిది.
ఉప్పు నా బనీను మీద తెల్లగ ఏదో ఊరి పటం గీసింది,
ఎవరి ఊరో ఎరుక లేదు.
నేను వేగం పెంచలే. తగ్గించలే.
పెదవులు వాటంతట అవే అందుకున్నయి:
పదమూడార్లు డెబ్బై ఎనిమిది,
పదమూడేళ్లు తొంభై ఒకటి.
తెగలే.
వేరెవలో చదువుతున్నట్టు ఎక్కం ముందుకే పోయింది.

నాలుగు గంటల యాభై ఒక్క నిమిషం.
ఖల్ఫాన్ గడియారం చూసి,
ఇసుకల వేలితోటి రెండు గీతలు గీసిండు,
మొదటి సగం, రెండో సగం.
రెండోది ఎంట్రుకంత పొట్టి.
ఇంకేం మెచ్చుకోలు లేదు.

తెల్లారి సైటుల ఫోర్మన్ యల్లా అన్నడు.
ఇన్న.
కడ్డీని బల్ల మీద పెట్టి
అది వంగే కాడికి వచ్చేదాక ఆగి వంచిన.
పొద్దుమూకి లెక్క చూసిండు.
ఒక్కటి తక్కువ లేదు.
ఎక్కువ కూడ లేదు.