జాదు

గుణుపురంలో తామరని జాదు అంటారు ఒడియావాళ్లు.
మాకది తామరే.
నీళ్లలో పూస్తే చేతులు జోడిస్తాం,
గజ్జల్లో పూస్తే తలుపేసుకుంటాం.

శ్రావణం. వంశధార ఎర్రగా
ఒడ్డు దాటాలని చూస్తోంది.
వారంగా ఊళ్లో ఏ బట్టా పూర్తిగా ఆరలేదు.
పాత్రో గారి మందుల కొట్టులో
గల్లా వెనక నాకిది మూడో ఏడు.
కరెంటు పోయినాకే ఆడవాళ్లొస్తారు.
చీకట్లో నోరు కాస్త పెగులుతుంది.

తవిటమ్మ ముందు తలనొప్పి బిళ్ళ అడిగింది.
తర్వాత ఒక వాసన సబ్బు.
తర్వాత, ఎవరూ లేరని చూసి,
"అదే, మూడు మందుల ట్యూబు. మా ఆయనకి."
ఆయనకి అంటూనే
మోచేత్తో తన నడుమే రుద్దుకుంది.

ఆ ట్యూబు నాకు తెలుసు.
రాసిన రాత్రే దురద ఆగుతుంది,
మూడో రోజుకి ఎరుపు వెలిసిపోతుంది.
తామర మాత్రం చర్మం కింద
దీపం తగ్గించుకుని కూర్చుంటుంది.
మానెయ్యగానే
రూపాయి బిళ్ళంతది విస్తరంత అవుతుంది.
ఎలా తెలుసంటే,
పర్లాకిమిడి హాస్టల్లో రెండేళ్లు రాసుకున్నాను.
తొడల లోపల ఇప్పటికీ ఉన్నాయి
కాన్పు లేకుండా వచ్చిన కాన్పు చారలు.
అక్కడెవరు చూస్తారే అని
మా అమ్మ ధైర్యం చెప్పింది.

"అది లేదు పిన్నీ" అన్నాను.
వెనక అరలో పన్నెండున్నాయి.
పాత్రో గారు దగ్గారు.

ఒక్క మందే ఉన్న ట్యూబు తీశాను.
"ఇది మెల్లగా పని చేస్తుంది.
కడుక్కుని, తుడుచుకుని, తడి ఆరాకే రాయి.
పల్చగా. పెనానికి నూనె రాసినట్టు,
పప్పులో నెయ్యి పోసినట్టు కాదు.
మచ్చ మీదే కాదు,
అంచు దాటి రెండు వేళ్ల మేర బయటికి.
రాసిన చెయ్యి కడుక్కో."
"ఎన్నాళ్లు?"
"పోయిందనుకున్నాక ఇంకో రెండు వారాలు."
"పోయినాక ఏల రాయడం?"
"కలుపు పైపైన కోసేస్తే
మడి శుభ్రంగానే కనపడదా?"
నవ్వింది. మడిలో దిగే మనిషి.

తువ్వాలు ఎవరిది వాళ్లకే.
లంగాలు తిరగేసి ఎండలో.
ఎండేదీ అంది.
ఇస్త్రీ పెట్టె?
పక్కింటి మినతికి ఉందట.

వెళ్లబోయి ఆగింది.
"లోపల కూడా...
పెరుగు విరిగినట్టు తెల్లగా. ఒకటే మంట."
ఈ ఏడు ఎన్నోసారి?
మూడు వేళ్లు చూపింది.
నెల తప్పావా? లేదు.
దాహం? రాత్రుళ్లు లేస్తున్నావా?
"నాలుగుసార్లు" అంది, వింతగా చూస్తూ,
నేనేదో వాళ్ల కిటికీలోంచి తొంగిచూసినట్టు.

దానికి నా దగ్గర మందు లేదు అన్నాను.
ఉంది. కానీ మూడోసారి
అడక్కుండా ఇచ్చే మందు కాదది.
"పొద్దున్నే ఏమీ తినకుండా పెద్దాసుపత్రికి వెళ్లు.
చక్కెర చూడమను."
చీటీ రాసిచ్చాను,
ఆమెకి తెలుగులో, డాక్టరమ్మకి ఒడియాలో.
సబ్బు వెనక్కి తీసుకున్నాను.
అక్కడికి మామూలు నీళ్లు చాలు.

ఆ రాత్రి లెక్క చూస్తూ పాత్రో గారు
"అమ్మిందానికంటే మాట్లాడిందే ఎక్కువ" అన్నారు.
ఇరవై రెండు రూపాయల సబ్బు కూడా పోయింది.

నెల తిరిగాక తవిటమ్మ వచ్చింది.
కొంగుముడి విప్పి చీటీ తీసింది.
చక్కెర బిళ్ళలు, నెలకి సరిపడా.
"రెండొందల ఎనభై అట" అంది,
ఎవరిదో పొలం విస్తీర్ణం చెప్పినట్టు.
మరి తామర?
"అవుపించట్లేదు. రాస్తన్నాను. పదకొండో రోజు."

ఆమె వెనక ఎవరో నిలబడున్నారు,
తడి పైట బిగించి, తల వంచుకుని.
"మా తోటికోడలు. అడుగే, ఈవిడ తిట్టదు."
ఆ పిల్ల గొంతు సవరించుకుని
మూడు మందుల ట్యూబు కావాలంది.

లేదు అన్నాను.
పన్నెండుండేవి. ఇప్పుడు ఏడు.
నేను అన్నానికెళ్లిన మధ్యాహ్నాల్లో
పాత్రో గారు అమ్ముతారు.